‘ఏమీ చెయ్యదండీ, ఇంట్లోనే వుంటుంది!’

ఆ మధ్య మా పిన్ని బాత్‌రూమ్‌లో కాలుజారి పడితే చెయ్యి విరిగింది. ఆస్పత్రికి తీసుకెళ్ళాం. కౌంటర్ దగ్గర కూర్చున్న అమ్మాయి పేరూ వయసూ రాసుకుని, "పేషెంటు ఏం చేస్తారండీ?" అని అడిగింది. మా తమ్ముడు, అంటే పిన్ని కొడుకు, క్షణమైనా ఆలోచించకుండా "ఏమీ చెయ్యదండీ, ఇంట్లోనే వుంటుంది" అన్నాడు. ఆ అమ్మాయి ‘హౌస్ వైఫ్’ అని రాసేసి కింది గడిలోకి వెళ్ళిపోయింది.

పక్కనే బెంచీమీద పిన్ని విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అది కుడిచెయ్యి. ఆ చేత్తోనే నలభై ఏళ్ళుగా లేసు అల్లుతోంది. వాళ్ళది నర్సాపురం దగ్గర పల్లెటూరు. బాబాయి వ్యవసాయం కలిసిరాని ఏడాదల్లా ఇల్లు గడిచింది ఆ లేసు డబ్బులతోనే. ‘ఏమీ చెయ్యదండీ’ అన్న ఆ కుర్రాడి పాలిటెక్నిక్ ఫీజుల్లో సగం ఆ సూది మొననుంచి వచ్చినవే.

డాక్టరుగారు "మూడు నెలలు ఏ పనీ చెయ్యకూడదమ్మా" అన్నారు. అంతే, ఇంటికొచ్చిన మర్నాటినుంచి అసలు కథ మొదలైంది. పొద్దున్నే కాఫీ ఎవరు పెట్టాలి? గేదెకి కుడితి ఎవరు పెట్టాలి? బాబాయికి మందులు వేళకి ఎవరివ్వాలి? మనవణ్ణి బడికి ఎవరు తయారుచెయ్యాలి? ‘ఏమీ చెయ్యని’ మనిషి మంచమెక్కితే ఇల్లంతా ఆగిపోయింది!

మా తమ్ముణ్ణి తప్పుపట్టాలని ఇదంతా రాయడం లేదు. వాడికి తల్లంటే ప్రాణం. బ్యాంకు కాగితాల్లో, పిల్లల స్కూలు కాగితాల్లో ‘తల్లి వృత్తి’ అన్నచోట నేను కూడా ఎన్నోసార్లు ఒక గీత గీసి వదిలేశాను. మీరూ గీసే వుంటారు. నాకు తెలుసుకోవాలనిపించింది ఒకటే: ఇంత పని చేసే మనిషిని ‘ఏమీ చెయ్యదు’ అనే అలవాటు మనకి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆదినుంచీ వుందనే నేనూ అనుకునేదాన్ని. చరిత్ర పుస్తకాలు తిరగేస్తే తెలిసిందేమిటంటే, ఆడవాళ్ళకి పనీ, పెత్తనం లేకపోవడమూ అనాదిగా వున్నవే గానీ, వాళ్ళు చేసేది అసలు పనే కాదనడం మాత్రం ఈమధ్య పుట్టిన మాట. యంత్రాలూ, మిల్లులూ, కూలి లెక్కలూ ముందుగా పుట్టిన ఇంగ్లండులోనే దీనికీ పునాది పడింది.

ఇల్లే కార్ఖానాగా వున్నరోజులు

మూడు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండు పల్లెల్లో ఇల్లు వేరూ, పనిచేసే చోటు వేరూ కాదు. వెన్న తియ్యడం, జున్ను చెయ్యడం, బీరు కాయడం, కొవ్వొత్తులు పొయ్యడం, కోళ్ళనీ పందుల్నీ సాకడం అన్నీ ఆడవాళ్ళ పనులే. వీటన్నిటికీ మించి నూలు వడకడం. వర్తకులు ఉన్నీ, పత్తీ ఇళ్ళకి తెచ్చిచ్చి, వడికిన నూలు పట్టుకెళ్ళి కూలి ఇచ్చేవారు. ఒక్క మగ్గం ఆగకుండా ఆడాలంటే కనీసం నలుగురైనా వడకాలి. ఇంగ్లీషులో పెళ్ళికాని స్త్రీని ‘స్పిన్‌స్టర్’ అంటారు కదా, ఆ మాటకి అసలు అర్థం నూలు వడికే మనిషి అని.

అప్పుడేదో స్వర్ణయుగమని నేననడం లేదు. వడికినందుకు ఇచ్చే కూలి చాలా తక్కువ. పెళ్ళయిన ఆడదాని సంపాదనమీద చట్టప్రకారం హక్కు మొగుడిదే. అయినా ఆ ఇంట్లో ఆమె ‘ఏమీ చెయ్యదు’ అని ఎవరూ అనగలిగేవారు కాదు. ఆమె చెయ్యకపోతే తిండీ లేదు, గుడ్డా లేదు. అది అందరికీ కళ్ళెదుట కనిపించేది.

తర్వాత ఒకటొకటిగా ఆ పనులు చేజారడం మొదలుపెట్టాయి. మొదట పోయింది నేల. ఊరుమ్మడి భూములకి భూస్వాములు కంచెలు వేసుకున్నారు. ఆవుని మేపుకోవడం, పుల్లలేరుకోవడం వంటి ఆధారాలు పోయాయి. అవన్నీ ఎక్కువగా ఆడవాళ్ళూ పిల్లలూ చూసుకునేవే. కోతలయ్యాక చేలో రాలిన వెన్నులు ఏరుకోవడం, మన భాషలో చెప్పాలంటే పరిగె ఏరుకోవడం, అక్కడి పేదరాళ్ళకీ తరతరాల ఆచారం. సఫోక్ జిల్లాలో మేరీ హౌటన్ అనే ఆమె అలా పరిగె ఏరుకుంటే భూస్వామి కోర్టుకెక్కాడు. అది మీ హక్కు కాదని 1788లో న్యాయమూర్తులు తీర్పు చెప్పేశారు. నిన్నటివరకూ బతుకుతెరువు అన్నది ఇవాళ్టికి నేరమైందన్నమాట! తీర్పు తర్వాత కూడా చాలా ఊళ్ళలో పరిగె ఏరుతూనే వున్నారు. కానీ ఇక అది హక్కు కాదు, ఆసామి దయ.

రాట్నం మిల్లుకి వెళ్ళింది

తర్వాత రాట్నం వంతు. 1764 ప్రాంతంలో జేమ్స్ హార్‌గ్రీవ్స్ ‘స్పిన్నింగ్ జెన్నీ’ తయారుచేశాడు. ఒక్క మనిషి ఒకేసారి ఎనిమిది కదుళ్ళమీద వడకొచ్చు. 1768లో చుట్టుపక్కల జనం ఆయన ఇంటిమీద పడి యంత్రాలు విరగ్గొట్టారు. వాళ్ళని మూర్ఖులని నవ్వుకోవడం తేలికే. కానీ ఎనిమిది మంది కూలి ఒకరికే పోతుందని లెక్క వెయ్యడానికి పెద్ద చదువు అక్కర్లేదు కదా! 1771లో రిచర్డ్ ఆర్క్‌రైట్ క్రామ్‌ఫర్డ్‌లో నీటి చక్రంతో నడిచే మిల్లు పెట్టాడు. కొన్ని దశాబ్దాల్లో ఇంట్లో వడకడం చాలాచోట్ల మూలపడింది. పని కావాలంటే గడప దాటి, గంట కొట్టేవేళకి మిల్లు గేటు దగ్గర నిలబడాలి.

ఆడవాళ్ళు నిలబడ్డారు కూడా. బట్టల మిల్లుల్లో పనివాళ్ళలో సగానికి మించి ఆడవాళ్ళూ పిల్లలే. కారణం వాళ్ళ వేళ్ళు సన్ననివని కాదు, వాళ్ళ కూలి సన్ననిదని. మగవాడి కూలిలో సగమో, కాస్త అటూ ఇటో ఇస్తే సరిపోయేది. మంచి కూలి వచ్చే పని మాత్రం మగవాళ్ళ దగ్గరే వుండిపోయింది. 1779లో శామ్యూల్ క్రాంప్టన్ చేసిన ‘మ్యూల్’ అనే యంత్రాన్ని నడపాలంటే బరువైన బండిని ముందుకీ వెనక్కీ నెట్టాలి, ఆడవాళ్ళకి అంత బలం లేదన్నారు. సరే. 1830 నాటికి రిచర్డ్ రాబర్ట్స్ ఆ నెట్టే పని కూడా యంత్రమే చేసుకునేలా మార్చాడు. అప్పుడైనా ఆడవాళ్ళకి ఆ పని వచ్చిందా? రాలేదు. 1829లోనే వడికే కార్మికుల సంఘం తమలో మగవాళ్ళకే చోటని తీర్మానించుకుంది. వందల ఏళ్ళు ఆడదాని పేరుమీద వున్న విద్య, కూలి పెరగ్గానే మగవాడిదైపోయింది.

ఇంకో విచిత్రం వినండి. మిల్లులో పన్నెండు గంటలు నిలబడి సంపాదించిన కూలి కూడా చట్టప్రకారం ఆమెది కాదు, భర్తది. పెళ్ళయిన స్త్రీ సంపాదన ఆమెకే చెందుతుందని చట్టం ఒప్పుకోవడానికి 1870 దాకా ఆగాల్సి వచ్చింది.

బొగ్గు గనుల సంగతి చెప్పనక్కర్లేదు. నడుముకి పట్టీ, ఆ పట్టీకి గొలుసు కట్టుకుని, చేతులమీదా మోకాళ్ళమీదా పాకుతూ ఆడవాళ్ళు బొగ్గు బళ్ళు లాగేవారు. 1842లో విచారణ సంఘం బొమ్మలతో సహా నివేదిక ఇస్తే దేశమంతా ఉలిక్కిపడింది. దేనికనుకున్నారు? వాళ్ళ నడుములు విరుగుతున్నందుకంటే, ఆ చీకట్లో మగవాళ్ళ మధ్య అరకొర బట్టలతో వున్నందుకే పెద్దమనుషులు ఎక్కువ కంగారుపడ్డారు. అదే ఏడాది చట్టం చేసి ఆడవాళ్ళు గనిలోకి దిగకూడదన్నారు. అలాంటి పని పోవాల్సిందే, కాదనను. కానీ పోయిన కూలికి బదులేమిటని ఎవరూ అడగలేదు. మర్నాడు వాళ్ళ పొయ్యి ఎలా వెలిగిందో చట్టానికి పట్టలేదు.

లెక్కలోంచి తీసేశారు

ఇదిగో, ఈ రోజుల్లోనే ‘ఆడవాళ్ళ చోటు ఇల్లు’ అనే మాట గట్టిపడింది. మగవాడికి భార్యాబిడ్డల్ని పోషించేంత కూలి ఇవ్వాలని కార్మిక సంఘాలు అడిగాయి. అడగడం న్యాయమే. దాంతోపాటు, ఆడవాళ్ళు పోటీకి రాకుండా ఇంట్లో వుంటేనే మగవాళ్ళ కూలి పెరుగుతుందన్నారు. 1870ల్లో కార్మిక సంఘాల మహాసభలోనే హెన్రీ బ్రాడ్‌హర్‌స్ట్ అనే నాయకుడు భార్యలకి తగిన చోటు ఇల్లేనని ప్రసంగించాడు. యజమానులూ, కార్మిక నాయకులూ అన్నిటిలో కొట్టుకున్నా ఈ ఒక్కదానిలో మాత్రం చెయ్యి కలిపారు.

మరి ఇంట్లో వున్నామె పనెవరిది? వండిపెట్టి, బట్టలుతికి, జబ్బొస్తే సేవచేసి ఆ కార్మికుణ్ణి మళ్ళీ పొద్దున్నే మిల్లు గేటు దగ్గరికి పంపేదెవరు? రేపటి కార్మికుణ్ణి కని పెంచేదెవరు? ఇవన్నీ చెయ్యకపోతే ఏ మిల్లూ ఒక్కరోజు నడవదు. మిల్లు యజమానికి ఇవన్నీ ఉచితంగా అందాయి. ఉచితంగా దొరికేదానికి లెక్క ఎవరు రాస్తారు?

రాయలేదు. 1851లో బ్రిటన్ జనాభా లెక్కలు తీసినప్పుడు భార్య, తల్లి, ఇంటి యజమానురాలు అన్నవాళ్ళకి పనివాళ్ళ తరగతుల్లో ఒక చోటిచ్చారు. ముప్ఫై ఏళ్ళు తిరిగేసరికి, 1881 లెక్కల్లో, వాళ్ళని ఏ వృత్తీ లేనివాళ్ళ జాబితాలో పడేశారు. ఈ ముప్ఫై ఏళ్ళలో ఇంగ్లండు ఆడవాళ్ళు వండటం మానేశారా? పిల్లల్ని కనడం మానేశారా? మారింది పని కాదు, లెక్కరాసే పుస్తకం. డబ్బు చేతులు మారితేనే పని, లేకపోతే కాదు అన్నది కొత్త సూత్రం. ఆస్పత్రి కౌంటర్ దగ్గర మా తమ్ముడి నోట వచ్చింది ఆ సూత్రమే. పాపం వాడికి తెలియదు.

ఇంతకీ ‘ఇంట్లో వుండటం’ ఎంతమందికి కుదిరింది? 1851లోనే బ్రిటన్‌లో పది లక్షలమందికి పైగా ఆడవాళ్ళు పరాయి ఇళ్ళలో పనిమనుషులు. లండన్ తూర్పు పేటల్లో తల్లులు పిల్లల్ని కూర్చోబెట్టుకుని అర్ధరాత్రిదాకా అగ్గిపెట్టెలు అంటించేవారు. ఇంట్లో చేసేది కాబట్టి దానికి పనన్న పేరూ లేదు, తగిన కూలీ లేదు.

అయితే మిల్లు ఒక మేలూ చేసింది. ఆడవాళ్ళని ఒకచోట చేర్చింది. 1888 జూలైలో లండన్‌లోని బ్రయంట్ అండ్ మే అగ్గిపుల్లల ఫ్యాక్టరీలో సుమారు 1,400 మంది ఆడవాళ్ళు, ఆడపిల్లలు పని ఆపేసి బయటికొచ్చారు. మాట్లాడితే జరిమానా, పుల్ల కింద పడితే జరిమానా, పైగా తెల్ల భాస్వరంతో దవడ ఎముకలు కుళ్ళిపోయే జబ్బు. వాళ్ళ కష్టాల గురించి పత్రికలో రాసి లోకానికి చెప్పింది ఎవరో తెలుసా? అనీ బిసెంట్. తర్వాత మన దేశానికొచ్చి 1915లో మదనపల్లెలో కాలేజీ పెట్టించిన ఆ బిసెంటే. కొద్ది వారాల్లోనే యాజమాన్యం దిగొచ్చింది, జరిమానాలు రద్దయ్యాయి. అదే అగ్గిపెట్టెలు ఇంట్లో అంటించుకునే తల్లులు మాత్రం అలా ఒకచోట చేరలేకపోయారు. ఎవరి గదిలో వాళ్ళు, ఎవరి దీపం ముందు వాళ్ళు.

సముద్రం దాటి మన గడపలోకి

ఇదంతా ఎక్కడో ఇంగ్లండు కథ, మనకెందుకంటారా? ఆ మిల్లుల నూలు ఓడల్లో మన రేవులకీ వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో మన నేతగాళ్ళు చౌకగా దొరికే ఆ మిల్లు నూలుకి అలవాటుపడ్డారు. మగ్గాలు ఎలాగో మిగిలాయి. రాట్నాలు మూలపడ్డాయి. మన ఊళ్ళలో రాట్నం ముందు కూర్చున్నది ఎక్కువగా ఆడవాళ్ళే. దిక్కులేని వితంతువులకి అదే ఆధారం. నేతగాళ్ళ కష్టాల గురించి ఎన్నో చదివాం. వడికేవాళ్ళ సంగతి ఎంతమంది రాశారు?

ఇక లేసు. గోదావరి జిల్లాల ఆడవాళ్ళకి దీన్ని నేర్పింది పందొమ్మిదో శతాబ్దంలో వచ్చిన మిషనరీలు. అది మెల్లగా నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊరూరా పాకింది. షావుకారు దారం ఇస్తాడు, ఏజెంటు ఇంటింటికీ తెచ్చిస్తాడు. ఒకామె పువ్వులల్లుతుంది, ఇంకొకామె అతుకు పని చేస్తుంది. పువ్వుకింత అని లెక్క. సరుకు విదేశాలకి పోతుంది. ఇంగ్లండులో మూడు వందల ఏళ్ళ కిందట వర్తకుడు ఇంటికి పత్తి తెచ్చిచ్చిన పద్ధతే, అచ్చంగా!

1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నర్సాపురం వచ్చి ఈ ఆడవాళ్ళ బతుకులు పరిశీలించి 1982లో పుస్తకం రాసింది. ఆమె గమనించినదేమిటంటే, వీళ్ళు ఇంటి పనంతా చేసుకుని, ఆపైన రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారు. వచ్చేది కనీస వేతనం కంటే ఎంతో తక్కువ. అయినా ఏజెంట్లూ, భర్తలూ, ఆఖరికి అల్లేవాళ్ళూ చెప్పేది ఒకటే, అదేదో తీరిక వేళల్లో చేసే కాలక్షేపమని. ‘గృహిణులు’ అని పేరు పెట్టడంవల్లే అంత తక్కువ కూలికి వాళ్ళచేత చేయించడం సాధ్యమైందంటుంది మీస్. ఆ మాట చదివినప్పుడు నాకు మా పిన్నే గుర్తొచ్చింది. "ఎందుకు పిన్నీ కళ్ళు పోగొట్టుకుంటావు?" అంటే, "ఊరికే కూర్చోవడం దేనికే, నాలుగు పువ్వులల్లితే పిల్లల పై ఖర్చులకైనా వస్తాయి" అనేది. కాలేజీ ఫీజు పై ఖర్చా! 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. లేసుకి గుర్తింపొచ్చింది సరే, అల్లిన చేతికి ఎప్పుడు?

మన దేశంలోనూ లెక్కల పుస్తకం అలాగే వుంది. 2001 జనాభా లెక్కల్లో ఇంటిపని చేసే స్త్రీలని బిచ్చగాళ్ళతోనూ ఖైదీలతోనూ కలిపి ‘పనిచెయ్యనివాళ్ళు’గా రాయడాన్ని 2010లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. 2021 జనవరిలో ప్రమాద పరిహారం కేసులో మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణగారు ఇదే విషయం వివరంగా రాశారు. 2011 లెక్కల్లో తమ ప్రధానమైన పని ఇంటిపనేనని చెప్పిన స్త్రీలు దాదాపు 16 కోట్లమంది, మగవాళ్ళు 58 లక్షలకి లోపు. 2019లో కేంద్రప్రభుత్వం చేయించిన సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు వెచ్చిస్తుంటే, మగవాళ్ళు 97 నిమిషాలు. ఈ పనికి విలువ కట్టాల్సిందేనన్నది ఆ తీర్పు సారాంశం. మంచిమాటే. కానీ చూడండి, ఆడదాని పనికి కోర్టు విలువ కట్టేది ఆమె ప్రమాదంలో పోయాక! బతికుండగా ‘ఏమీ చెయ్యదు’, పోయాక నెలకింత.

"ఇంట్లో ప్రేమతో చేసేదానికి కూడా డబ్బు లెక్కా?" అని కొందరు నొచ్చుకుంటారు. మొగుడి దగ్గర జీతం రాయించుకోమని నేను చెప్పడం లేదు. టీచరు ప్రేమతో పాఠం చెప్పదా? నర్సు ప్రేమతో సేవ చెయ్యదా? ప్రేమ వున్నంతమాత్రాన వాళ్ళది పని కాకుండా పోలేదే! లెక్కలోకి వస్తేనే రేపు పింఛను గురించి, వైద్యం గురించి, ఆస్తిలో వాటా గురించి అడగడానికి నోరుంటుంది. లేసు అల్లే చేతికి కార్మికురాలన్న పేరుంటేనే కనీస కూలి అడగొచ్చు. ముందు మనం నోరు తెరిచి చెప్పాలి కదా.

మూడు నెలలయ్యాక పిన్నిని చెయ్యి చూపించడానికి మళ్ళీ అదే ఆస్పత్రికి తీసుకెళ్ళాం. డాక్టరుగారు వేళ్ళు ముడిచి తెరవమన్నారు. చూపుడువేలు సరిగా వంగడం లేదు. ఆయన కాగితంలోకి చూస్తూ, "పరవాలేదమ్మా, మీరు ఇంట్లోనే వుంటారుగా" అన్నారు. నేను నోరు తెరవబోయేలోగా పిన్నే అంది, మెల్లగానే అనుకోండి: "లేదండీ డాక్టరుగారూ, నేను లేసు అల్లుతాను. నలభై ఏళ్ళబట్టీ. ఈ వేలు లేకపోతే సూది నిలవదు."

ఆయన తలెత్తి చూశారు. ఆ వేలికి కసరత్తు రాసిచ్చి, వారానికి రెండుసార్లు రమ్మన్నారు. పక్కనే నిలబడ్డ మా తమ్ముడు బయటికొచ్చాక కాగితం తీసుకుని ‘హౌస్ వైఫ్’ అన్నచోట పక్కన ‘లేసు పని, ఇంటి పని’ అని తన పెన్నుతో రాశాడు.

మీ ఇంటికి జనాభా లెక్కలవాళ్ళు వచ్చినప్పుడు, బ్యాంకులో కాగితం నింపేటప్పుడు, ఆ గీత గీసేముందు ఒక్క నిమిషం ఆగండి. పొద్దున్నించీ మీ చేతులు ఏమేం చేశాయో ఒక్కసారి గుర్తుచేసుకోండి. ఆ తర్వాత రాయండి.